ఎర్తు గుంటలో నీళ్ళు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇది రాస్తున్న ఇప్పుడూ లేదు. నేను కరెంటు పని చేసి బతికినవాణ్ణి. కంటికి కనపడకుండా మనిషి ప్రాణం తీయగలిగిన దాన్ని ముప్పై ఏళ్ళ పైన చేత్తో పట్టుకుని తిరిగాను. ఇక వేరే దేనికో భయపడే తీరిక నాకెక్కడిది? మా రొంపిచెర్ల వైపు ఎవరైనా పొలంలో ఏదో కనపడిందని చెబితే, ఎంత తాగి పోయావురా అని అడిగేవాణ్ణి. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. దాని సంగతి కూడా ఇందులో వస్తుంది.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు అర్థం కానిది అర్థం కాలేదనే రాస్తాను.

అరవైల్లో మాట. నరసరావుపేటలో సొంతంగా వైరింగు పని చేసేవాణ్ణి. ఊళ్ళో కరెంటు ఉన్న ఇళ్ళు ఇంకా తక్కువే. ఉన్న ఇళ్ళల్లో కూడా నాలుగు బల్బులు, డబ్బున్నవాళ్ళయితే ఒక ఫ్యాను, అంతే. అలాంటి రోజుల్లో ఒక ప్లీడరుగారు నన్ను పిలిపించి, స్నానాల తొట్టికి కరెంటు పెట్టగలవా దేవదానం అని అడిగారు. ఎందుకు పెట్టలేనండీ అన్నాను. అంతకు ముందు అలాంటి పని నేను చేయనూ లేదు, ఎవరైనా చేస్తుంటే చూడనూ లేదు. ఆ వయసులో తెలియదని ఒప్పుకోవడం నాకు నామోషీ.

ఆ బంగళా చాలా పాతది. ఎప్పుడో ఒక తెల్లదొర కట్టించుకున్నాడు. పెరట్లో ఇంటికి దూరంగా స్నానాల గది, అందులో నాపరాళ్ళతో కట్టిన తొట్టి. మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. దొర ఉన్నప్పుడు బయట కట్టెల పొయ్యి పెట్టి నీళ్ళు కాచి పోసేవాళ్ళట. ప్లీడరుగారు ఇల్లు కొన్నాక ఆ తొట్టిలో చాలాకాలం మిరపకాయల బస్తాలు వేసుకున్నారు. నేను మొదటిసారి లోపలికి పోయినప్పుడు తుమ్ములు ఆగలేదు.

తొట్టి మళ్ళీ పనికి రావడానికి కారణం వాళ్ళ అమ్మాయి శాంత. ఐదో ఏట జ్వరం వచ్చి తగ్గేసరికి రెండు కాళ్ళూ చచ్చుపడ్డాయి. పోలియో అన్నారు. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ, రోజూ అరగంట వేడినీళ్ళలో కూర్చోబెట్టి, ఆ తర్వాత కాళ్ళు మెల్లగా సాగదీయాలని చెప్పింది. నాగా పడకుండా చేస్తే కొన్నేళ్ళకు ఊతంతో నిలబడుతుందని ఆశ పెట్టింది. కట్టెల పొగకు ఆ పిల్లకు దగ్గు వస్తోంది. అందుకని కరెంటు.

తొట్టి ఒక చివర చెక్క చట్రం బిగించి, దాని వెనక రెండు హీటరు రాడ్లు పెట్టాను. పిల్ల పట్టుకోవడానికి తొట్టి పొడుగునా ఒక ఇనుప కడ్డీ వేశాను. నీళ్ళు కాగాక స్విచ్చి ఆపి, అప్పుడే పిల్లను దించాలని గట్టిగా చెప్పాను. అంతవరకు ఎవరైనా చేస్తారు. కష్టమంతా ఎర్తు దగ్గర వచ్చింది.

ఎర్తు అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రాడ్డు పగిలి కరెంటు నీళ్ళలోకి వచ్చిందనుకోండి, అది మనిషి ఒంట్లోంచి కాకుండా తీగ గుండా భూమిలోకి పోవాలి. అలా ఒక్కసారిగా పోయినప్పుడు ఫ్యూజు కాలి ఇంట్లో కరెంటు ఆగిపోతుంది, మనిషి బతుకుతాడు. అందుకోసం గొయ్యి తీసి, ఇనుప గొట్టం దింపి, ఆ తీగ దానికి కట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి పూడుస్తాం. ఆ గొయ్యి ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండిపోతే ఎర్తు లేనట్టే. ఫ్యూజు కాలదు, నీళ్ళలో కరెంటు అలాగే ఉంటుంది.

మా పల్నాడు నేల సంగతి మీకు తెలిసిందే. ఆ పెరట్లో నడుము లోతు తవ్వేసరికి గడ్డపార బండకు తగిలి ఖంగుమంది. అంతకన్నా లోతుకు పోలేకపోయాను. అంత పైపైన ఉన్న గుంట ఎండాకాలంలో రెండు రోజుల్లో ఎండిపోతుంది. రోజూ నాలుగు చెంబుల నీళ్ళు పోయాల్సిందే, వేరే దారి లేదు. స్నానాల గది వెనక గోడ పక్కన గుంట మీద ఒక పలక రాయి మూత పెట్టి, నీళ్ళు పోసే పని నా భార్యకు అప్పజెప్పాను.

నా భార్య రాహేలు. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. శాంత కాళ్ళకు సాగదీత ఎలా చేయాలో నేర్పి డాక్టరమ్మే ఆమెను ఆ ఇంటికి పంపింది. అసలు నన్ను ప్లీడరుగారికి చెప్పింది కూడా రాహేలే. మాకు పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. రాహేలు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చదువు రాదు. ఎడమచేతి వాటం. అన్నం తప్ప అన్నీ ఎడమ చేత్తోనే.

ఆ రోజుల పద్ధతి ప్రకారం మేమిద్దరం పెరటి తలుపు గుండానే వచ్చిపోయేవాళ్ళం. ప్లీడరుగారి భార్య సుభద్రమ్మగారు మంచి మనిషే, కానీ వంటింటి గడప మాత్రం మాకు దూరం. స్నానాల గది విడిగా ఉండబట్టి ఇబ్బంది లేకపోయింది. అక్కడ రాహేలుదే రాజ్యం. శాంత ఆమెను రాహేలక్కా అని పిలిచేది. తొట్టిలో ఆ పిల్ల నవ్వులు వీధిలోకి వినపడేవి. ఇంట్లో మాత్రం నవ్వేది కాదని సుభద్రమ్మగారే ఒకసారి అన్నారు.

మొదటి ఏడాది ఎండాకాలంలో రాహేలు వాళ్ళ పిన్ని చనిపోతే గురజాల వెళ్ళి మూడు రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చిన రోజు గాభరాలో గుంట సంగతి మరిచింది. ఆ సాయంత్రం కడ్డీ పట్టుకున్న శాంతకు చెయ్యి జిల్లుమంది. పెద్ద దెబ్బేమీ కాదు, స్విచ్చికి ముందున్న ఒక తీగ జాయింటు దగ్గర చెమ్మ చేరింది. కానీ పిల్ల జడుసుకుని ఏడ్చింది. నన్ను పిలిచారు. గుంట చూస్తే ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంది.

అప్పుడు నేను రాహేలును అన్న మాటలు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ప్లీడరుగారు, సుభద్రమ్మగారు, గుమాస్తా అందరూ నిలబడి ఉండగా అరిచాను.

"నాలుగు చెంబులు నీళ్ళు పోయటం కూడా చాతగాదంటే నువ్వెందుకే పనికొస్తావు? సొంత బిడ్డయితే మరిచేదానివా?"

పిల్లలు లేని ఆడదానితో అన్నాను ఆ మాట. రాహేలు తల వంచుకుని నిలబడింది. ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ రాత్రీ అనలేదు, ఎప్పుడూ అనలేదు. నేను కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాటి నుంచి నీళ్ళు పోసినప్పుడల్లా గుంట పక్క గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయడం మొదలుపెట్టింది. ఎర్తుకు వేయగా మిగిలిన బొగ్గు ముక్కలే. ఆదివారం నాడు గీతకు అడ్డగీత కొట్టి సిలువ చేసేది. ఎడమ చేత్తో గీసేది కాబట్టి గీతలన్నీ ఒకే పక్కకు వాలి ఉండేవి. నాకు చూపించడానికని తెలుసు. నేను ఆ గోడ వంక చూసి, ఏం మాట్లాడకుండా నా పని చూసుకుని వచ్చేవాణ్ణి. బాగా చేస్తున్నావే అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది?

రెండేళ్ళు అలా గడిచాయి. శాంతకు తొమ్మిది నిండాయి. ఇనుప పట్టీలు కట్టుకుని, గోడ పట్టుకుని కాసేపు నిలబడగలిగేది. నిలబడిన రోజు రాహేలు ఇంటికి వచ్చి ఒకటే ఏడుపు. సంతోషానికి ఏడుస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడు ఈస్టరు ఆదివారం గుడి అయిపోయాక ఇద్దరం బంగళా మీదుగా వచ్చాం. ఆమె నీళ్ళు పోసి, సిలువ గీసి, దాని చుట్టూ పూవులాగా చిన్న చిన్న చుక్కలు పెట్టింది. పండగ కదా అంది. నేను పక్కనే ఉన్నాను. అది మాత్రం నాకు బాగా గుర్తు.

ఆ రాత్రికే జ్వరం. సోమవారం పొద్దున ఆసుపత్రిలో చేర్చాం. మెదడుకు ఎక్కిన జ్వరం అన్నారు. మధ్య మధ్యలో తెలివి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"ఏమయ్యా, గుంటలో నీళ్ళు పోశావా? పాప నీళ్ళల్లోకి దిగిద్దయ్యా."

"పోస్తాలేవే, నువ్వు కళ్ళు మూసుకో."

మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. పోశానే, పోశాను అని చెప్పాను. నేను ఆసుపత్రి వరండా దిగలేదు. ఆమె నిమ్మళంగా పడుకుంటే చాలని అబద్ధం చెప్పాను. చెప్పిన మరుక్షణం మరిచిపోయాను. శుక్రవారం రాత్రి కూడా అడిగింది, పోశాను అన్నాను. శనివారం పొద్దున పోయింది.

ఆదివారం పూడ్చిపెట్టాం. ఆ తర్వాత మా అమ్మ నన్ను రొంపిచెర్ల తీసుకుపోయింది. అక్కడ నేను ఏం తిన్నానో, ఎక్కడ పడుకున్నానో చెప్పలేను. పనిముట్ల సంచి ముట్టుకోలేదు. గుంట సంగతి, తొట్టి సంగతి నా తలలో లేనే లేవు. వాటిని తలలో పెట్టుకుని తిరిగిన మనిషే లేదు.

ఈస్టరు అయిన ఆరు వారాలకు, రోహిణి కార్తె ఎండల్లో, ప్లీడరుగారి గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. బంగళాలో పది రోజులుగా ఫ్యూజులు ఆగడం లేదట. తొట్టి నీళ్ళు కాగేసరికి ఇల్లంతా కరెంటు పోతోందట. వేరే మెకానిక్కును పిలిస్తే బోర్డంతా విప్పి మళ్ళీ బిగించి పోయాడట. అప్పటి నుంచి స్విచ్చి ఆపినా ఫ్యూజు పోతోందట. నాకు పోబుద్ధి కాలేదు. మా అమ్మ మాత్రం సంచి తెచ్చి ముందు పెట్టి, పో నాయనా, నాలుగు మొహాలు చూసిరా అంది.

ఆ రోజు సోమవారం. పది గంటలకు బంగళా చేరాను. సుభద్రమ్మగారు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శాంత వరండాలో కుర్చీలో ఉంది. పిల్లకు రాహేలు సంగతి చెప్పలేదని, పుట్టింటికి పోయిందని చెప్పామని, నన్ను కూడా అలాగే అనమని సుభద్రమ్మగారు మెల్లగా చెప్పారు. రాహేలు లేని రోజుల్లో ఆమే పిల్లను తొట్టిలోకి దించుతున్నారు. డాక్టరమ్మ నాగా పెట్టొద్దంది కాబట్టి ఒక్క రోజూ మానలేదట.

పనిలో దిగితే మనసు కాస్త ఆగుతుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. ముందు బోర్డు. స్విచ్చి ఆపి బల్బు పెట్టి చూస్తే, రాడ్డుకు పోయే తీగలో కరెంటు అలాగే ఉంది. అంటే వచ్చిన మెకానిక్కు రెండు తీగలూ తారుమారు చేసి పోయాడు. స్విచ్చి ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది. సుభద్రమ్మగారు స్విచ్చి ఆపాను కదా అనుకుని పిల్లను దించుతున్న నీళ్ళవి.

తర్వాత మెయిను తీసేసి, తొట్టి నీళ్ళు వదిలి, చట్రం విప్పి రాడ్లు బయటకు తీశాను. ఒకటి బాగానే ఉంది. రెండో దానికి అడుగున వెంట్రుకవాసి పగులు. నీళ్ళు కాగి లోహం సాగితే ఆ పగులు తెరుచుకుంటుంది. లోపలి కరెంటు నీళ్ళలోకి వస్తుంది.

రాడ్డు చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. స్విచ్చి ఆపినా కరెంటు, పగిలిన రాడ్డు, నీళ్ళలో పిల్ల, పిల్లను పట్టుకున్న తల్లి. అయినా ఇద్దరికీ ఏమీ కాలేదంటే పగులు తెరుచుకున్న ప్రతిసారీ ఫ్యూజు పోయింది కాబట్టి. మూడుసార్లయితే పిల్లను చేతుల మీద ఎత్తుకున్నాక, పాదాలు నీళ్ళకు తగలబోతుంటే దీపం ఆరిపోయిందని సుభద్రమ్మగారే చెప్పారు. ఫ్యూజు పోయిందంటే ఎర్తు పనిచేస్తోంది.

అప్పుడు తట్టింది నాకు. ఎర్తు ఎలా పనిచేస్తుంది? గుంటలో నీళ్ళు పోసేదెవరు?

వెంటనే మెయిను మళ్ళీ వేసి, కరెంటు తీగకూ ఎర్తు తీగకూ మధ్య రెండొందల వాట్ల బల్బు పెట్టి చూశాను. గుంట ఎండితే ఆ బల్బు నిప్పుకణికలాగా ఎర్రగా మసగ్గా వెలుగుతుంది. అది కళ్ళు చెదిరేలా తెల్లగా వెలిగింది. రెండేళ్ళలో అంత బాగా వెలగడం నేను చూడలేదు.

స్నానాల గది వెనక్కి పోయాను. పెరడంతా కాలిపోయిన పెంకులా ఉంది. పలక రాయి పక్కకు జరిపాను. గుంట నిండా చల్లటి తడి. చెయ్యి పెడితే మణికట్టు దాకా బురదలోకి దిగింది. రాహేలు వాడే సత్తు చెంబు ఎప్పటిలాగే రాయి పక్కన బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే లోపల చెమ్మ ఆరలేదు.

గోడ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. చివరికి చూశాను.

చుక్కల సిలువ కనపడింది, ఈస్టరుది. దాని తర్వాత గీతలు ఉండకూడదు. ఉన్నాయి. ఆరు గీతలు, ఒక సిలువ. మళ్ళీ ఆరు గీతలు, ఒక సిలువ. మూడుసార్లు లెక్కపెట్టాను. ముప్పై ఆరు గీతలు, ఆరు సిలువలు. మొత్తం నలభై రెండు రోజులు. నిన్న ఆదివారం, చివరిది సిలువే. ఈ రోజు గీత ఇంకా లేదు. రాహేలు మధ్యాహ్నం మూడింటికి పోసేది. గీతలన్నీ ఎప్పటిలాగే ఒకే పక్కకు వాలి ఉన్నాయి.

సుభద్రమ్మగారిని పిలిచి, ఇక్కడ నీళ్ళు ఎవరు పోస్తున్నారమ్మా అని అడిగాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"అది మీ ప్రార్థన కాదా దేవదానం? రోజూ నీళ్ళు పోసేది, గీత గీసేది, ఆదివారం సిలువ వేసేది. మీ దేవుడి మొక్కేమో, మేం ముట్టుకోకూడదేమోనని నేనా పక్కకే పోలేదు. ఇంట్లో ఎవర్నీ పోనీలేదు."

రెండేళ్ళ పాటు ఆ నీళ్ళు దేనికో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను అందరి ముందూ అరిచిన రోజు కూడా, తొట్టి నీళ్ళ సంగతే అనుకున్నారట. ప్లీడరుగారింటికి పని పురమాయించడం ఏమిటని నేను చెప్పలేదు. పరాయి మతం సంగతి అడగడం మర్యాద కాదని వాళ్ళు అడగలేదు. ఆ పిల్ల ప్రాణం ఒక చదువురాని ఆడమనిషి జ్ఞాపకం మీద నడిచింది.

గుమాస్తాను అడిగాను, పనిమనిషిని అడిగాను, ప్లీడరుగారినీ అడిగాను. ఎవరూ పోయలేదు. ఎవరికీ ఎడమచేతి వాటం లేదు. సుభద్రమ్మగారు గోడ చూసి లోపలికి వెళ్ళిపోయారు.

నేను వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. శాంత నన్నే చూస్తోంది. కుర్చీలోంచి వంగి అడిగింది.

"కరెంటు మామా, రాహేలక్కకి నా మీద కోపమా?"

ఎందుకమ్మా అన్నాను.

"రోజూ వస్తందిగా. గోడ వెనక నీళ్ళు పోసిన చప్పుడు నాకు వినపడుద్ది. చెంబు బోర్లించి పోద్ది. ఎంత పిలిచినా లోపలికి రాదేంది? అమ్మనడిగితే పుట్టింటికి పోయిందంటది."

ఆ పిల్ల ముందు ఏడవకూడదని లేచి పెరట్లోకి పోయాను. అక్కడ ఏడ్చాను. పూడ్చిన రోజు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

తర్వాత బజారుకు పోయి కొత్త రాడ్డు తెచ్చి బిగించాను. బోర్డులో తీగలు సరిచేశాను. సుభద్రమ్మగారిని గుంట దగ్గరికి తీసుకొచ్చి, ఇది ప్రార్థన కాదమ్మా, మీ బిడ్డ ప్రాణం అని చెప్పి, ఎన్ని చెంబులు పోయాలో, ఏ వేళకు పోయాలో చూపించాను. ఆమె ఆ సత్తు చెంబును రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నారు. రేపటి నుంచి నేనే పోస్తాను అన్నారు. ఆ మాట మీద ఆమె బతికినన్నాళ్ళూ నిలబడ్డారు.

ఆమె లోపలికి వెళ్ళాక నేను ఒక్కణ్ణే మిగిలాను. అప్పటికి రెండున్నర అయింది. దెయ్యాల్ని నమ్మనివాణ్ణి, ఒట్టి గోడ ముందు నిలబడి పైకే మాట్లాడాను.

"ఇంక నువ్వు రానక్కర్లేదే రాహేలూ. అమ్మగారు పోస్తారు. రాడ్డు కూడా మార్చాను. నువ్వు పో."

సంచి భుజాన వేసుకుని కూడా పోకుండా అక్కడే గోడ నీడన కూర్చున్నాను. మూడయింది. మూడున్నర అయింది. ఏ చప్పుడూ లేదు. లోపల శాంత ఒకసారి రాహేలక్కా అని పిలవడం వినపడింది. నాలుగింటికి లేచి గోడ చూశాను. నలభై మూడో గీత లేదు.

మంగళవారం పోయాను, బుధవారం పోయాను. సుభద్రమ్మగారిని బతిమాలి ఆ రెండు రోజులూ నీళ్ళు పోయనివ్వలేదు, పిల్లను తొట్టిలోకి దించనివ్వలేదు. బుధవారం మధ్యాహ్నానికి గుంట ఎండి నెర్రెలు విడిచింది. బల్బు ఎర్రగా మసగ్గా వెలిగింది. మరి ఆ నలభై రెండు రోజుల తడి ఎక్కడిది?

నాకు తోచినవన్నీ చూశాను. స్నానాల గది నీళ్ళు ఆ గుంటలోకి ఊరుతున్నాయేమోనని నీలిమందు కలిపి వదిలాను. నీలమంతా వీధి కాలవలోకి పోయింది, గుంటలో చుక్క కనపడలేదు. ఆ ఏడు ఈస్టరు నుంచి వాన జాడ లేదు. పెరటి తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉండేది. ఆ ఇంట్లోవాళ్ళు నాతో అబద్ధం చెప్పాల్సిన పని లేదు. మా గుడి పాస్టరుగారితో చెబితే, ప్రార్థన చేద్దాం అన్నారు. చేశాం.

శాంతకు ఆ నెలాఖరున వాళ్ళమ్మ నిజం చెప్పింది. ఆ పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. కానీ చెంబు చప్పుడు మాత్రం విన్నానని చెప్పడం మానలేదు. ఇప్పుడు ఆమె ఊతకర్రతో నడుస్తుంది, వినుకొండలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. కనపడినప్పుడల్లా అడుగుతాను. ఆ మాటే చెబుతుంది, ఒక్క ముక్క మార్చదు.

ఆ తర్వాత ఒక ఏడు బంగళాకు సున్నాలు వేశారు. గీతలు పోయాయి. నాకు ముందే చెప్పి ఉంటే ఆపమని బతిమాలేవాణ్ణి. గోడ గూట్లో ఉన్న అరిగిన బొగ్గు ముక్క ఒకటి మాత్రం నా దగ్గర ఉంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏ ఇంట్లో ఎర్తు గుంట తీసినా ఇంటిల్లిపాదినీ పిలిచి నిలబెట్టి, నీళ్ళు దేనికో చెప్పి, మొదటి చెంబు నేనే పోస్తాను. చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

నన్ను పీడించేది ఒక్కటే. ఆ సోమవారం ఆమెను పో అన్నాను. రెండేళ్ళ ముందు అన్న మాటకు తప్పు ఒప్పుకోవాల్సింది, ఒప్పుకోలేదు. పోయేముందు ఒక్కసారి కనపడు అని అడగాల్సింది, అడగలేదు. అంత దూరం నుంచి వచ్చిందే అయితే, ఆమె వచ్చింది ఆ పిల్ల కోసం. నా కోసం కాదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదని మొదటే చెప్పాను. ఆ నలభై రెండు రోజులూ ఆ గుంటలో నీళ్ళు పోసిందెవరో నాకు ఈ నాటికీ తెలియదు. పోశానని ఆమెతో చెప్పింది మాత్రం నేను.